అక్టోబరు సున్నాలు

విస్లా కుడిగట్టు మీద, రెండు వంతెనల నడుమ
మట్టిబాట.
అవతలి ఒడ్డున వార్సా అద్దాల మేడలు
ఇంకా ఒళ్ళు విరుచుకోలేదు.
ఇవతల విల్లో పొదలు, తడి ఇసుక,
రాత్రి ఎవరో తాగి వదిలేసిన బీరు సీసాలు,
మేమిద్దరం.

జెనోన్ మెడలో బైనాక్యులర్స్.
నా సంచిలో టీ ఫ్లాస్కు, రొట్టె, అతని మోకాలి పట్టీ.
ముప్ఫై ఒక్క శరత్తులుగా ఇదే వరస.
ట్రామ్ నడిపే రోజుల్లో
మొదటి బండి తీసే ముందే వచ్చేవాడు, టార్చి పట్టుకుని.
ఇప్పుడు పింఛను, తీరిక, నేను.

ఎర్రరొమ్ము పిట్టలు ముందొస్తాయి,
పొదలో ఎవరో పాత గడియారానికి కీ ఇస్తున్నట్టు టిక్ టిక్.
తర్వాత ఆకురంగు చిన్నపిట్టలు,
ఆకు రాలిందో పిట్ట ఎగిరిందో తేల్చుకోనివ్వవు.
అన్నిటికన్నా చివర, చలి వెంట,
చిట్టెలుకరాజు.

మావాళ్ళు దాన్ని అలాగే పిలుస్తారు.
రెండు జ్లోటీల బిళ్ళంత బరువు.
నెత్తిన ఒక్క పసుపు గీత, అదే కిరీటం.
ఉత్తరాది అడవుల నుంచి రాత్రికి రాత్రి సముద్రం దాటొచ్చి
మా మురికి గట్టున
పొద్దున్నే పురుగులేరుకుంటుంది, ఏమీ జరగనట్టు.
కంటికి ఓ పట్టాన దొరకదు. గొంతు బట్టే పోల్చుకోవాలి:
సూదిలో దారం ఎక్కుతున్నంత సన్నగా
స్రీ, స్రీ, స్రీ.

తన చెవిన పడిందే రాస్తాడు జెనోన్. అదొక నియమం.
నల్ల అట్ట పుస్తకంలో గళ్ళు: తేదీ, గాలి, పేరు, లెక్క.
కిందటేడు రాజుగారి గడిలో సున్నా పెట్టాడు.
మర్నాడు సున్నా.
నెల పొడుగునా సున్నాలు, గొలుసులా.
నగరపాలక ఆఫీసుకు ఉత్తరం రాశాడు, నాలుగు పేజీలు:
గట్టున కొత్త దీపాలేసి పిట్టల దారి చెడగొట్టారు,
ముప్ఫయ్యేళ్ళ లెక్కలున్నాయి నా దగ్గర, వచ్చి చూసుకోండి.
పోస్టులో వేసింది నేనే.

ఆ ఉదయం కూడా మా నెత్తిమీదే,
ఏడో ఎనిమిదో.
నేను విన్నాను.
విని, టీ పోశాను.

ప్రతి మలుపులోనూ పట్టాలు కీచుమంటుంటే
అన్నేళ్ళూ భరించిన చెవులు.
ఒక మెట్టు దాటాక వాటికి పైనంతా నిశ్శబ్దమేనని
ఎలా చెప్పడం?
భోజనాల దగ్గర చెబుదామనుకున్నాను. సూప్ చల్లారింది.
పండగ వెళ్ళాక అనుకున్నాను. మంచు కురిసింది.

ఈ ఏడు, అక్టోబరు తొమ్మిది. నది మీద పొగమంచు.
ఓ పిల్ల సైకిలాపింది. బడిసంచీ, ఊడిన ముందుపన్ను.
"తాతా, ఆ కీచుమనేవి ఏంటి?
నా బ్రేకేమో అనుకున్నా."
"ఏం లేదమ్మా అక్కడ," నవ్వాడు జెనోన్.
"అదిగో, మళ్ళీ!"
ఆ వేలి సూటిలో, కొమ్మ కొసన,
తలకిందులుగా వేలాడుతూ రాజు.
నోరు తెరుస్తోంది, మూస్తోంది.
తెరుస్తోంది, మూస్తోంది.

జెనోన్ బైనాక్యులర్స్ దించాడు.
నా వంక చూశాడు.
నేను ఫ్లాస్కు మూత బిగించాను,
బిగిసి ఉన్నదాన్నే మళ్ళీ.

పిల్ల పేరు కాలినా అట. బడికి వేళైంది, వెళ్ళిపోయింది.
వంతెన మీద ట్రామొకటి దాటింది, పొడుగ్గా.
"ఎప్పట్నించి?"
"నిరుడు. అంతకు ముందేడు కూడా, కొంచెం."
పిట్టల గురించి అడిగినట్టే అడిగాడు.
పిట్టల గురించి చెప్పినట్టే చెప్పాను.

సున్నాలు కొట్టెయ్యలేదు. నియమం నియమమే.
పేజీ అంచున పెన్సిలుతో ఇంకో గడి గీసి
పుస్తకం నా ఒళ్ళో పెట్టాడు.
"ఎన్ని?"
కళ్ళు మూసుకున్నాను.
ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి గొంతులు,
పైగా పక్కనే అతని ఊపిరి.
ఆరు, అన్నాను. ఏడేమో.
"ఏమో అని రాయకూడదు," అని
పెన్సిలు నా చేతికిచ్చాడు.

అన్నట్టు, ఆఫీసు నుంచి నిన్న జవాబొచ్చింది.
తమరి లెక్కలు పరిశీలించామనీ,
వచ్చే శరత్తు నుంచి
గట్టున సగం దీపాలు ఆర్పేస్తామనీ.